మీడియావికీని మీ ల్యాప్‌టాప్‌లో తెలుగులో నడపండి: మొదటి ప్యాచ్ పంపేదాకా

తెలుగు వికీపీడియాలో వ్యాసం రాసినవాళ్ళు, కనీసం ఒక అచ్చుతప్పు దిద్దినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఆ పేజీల్ని నడిపించే ప్రోగ్రాంలో ఒక్క లైను దిద్దినవాళ్ళు మాత్రం నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే తెలుసు. ఆ ప్రోగ్రాం పేరు మీడియావికీ. పీహెచ్‌పీలో రాసింది, జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ తెరిచి ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇవాళ దాని ప్రతి పేజీ వెనకా ఉన్నది ఇదే.

రోజూ ఆఫీసులో కోడు రాస్తూ కూడా ఇటు రానివాళ్ళని అడిగి చూశాను. "ఒకసారి మొదలుపెట్టా, సెటప్ దగ్గరే విసుగొచ్చి వదిలేశా" అన్న జవాబే ఎక్కువసార్లు వచ్చింది. అందుకే సెటప్ గురించే వివరంగా రాస్తున్నాను. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుంటే చీకటి పడేలోపు మీ ల్యాప్‌టాప్‌లో సొంత వికీ తెలుగులో నడుస్తుంది. "తెలుగులో" అన్నది ముఖ్యం. ఇంగ్లీషులో నడిపి చూసే డెవలపర్లు ప్రపంచమంతా ఉన్నారు. తెలుగులో నడిపి చూడాల్సింది మనమే. వాళ్ళ కంటికి ఆనని తప్పులు మనకి మొదటి పూటే కనిపిస్తాయి.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. మీడియావికీ డాట్ ఆర్గ్ సైటులో "లోకల్ డెవలప్‌మెంట్ క్విక్‌స్టార్ట్" అనే పేజీ ఉంది. అక్కడ అసలు కమాండ్లు అక్షరం పొల్లుపోకుండా దొరుకుతాయి. ఆ పేజీని పక్కన తెరిచి పెట్టుకుని ఇది చదవండి.

మెషీన్ సిద్ధం చేసుకోవడం

కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు. మనం డాకర్ (ప్రోగ్రాంలని విడి పెట్టెలో నడిపే సాధనం) జోలికి పోకుండా, పీహెచ్‌పీలోనే ఉండే చిన్న సర్వర్‌తోనూ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌తోనూ నడపబోతున్నాం. కాబట్టి పాత మెషీన్ కూడా మోస్తుంది. డాకర్ దారి కూడా మంచిదే, పెద్ద పనులకి చివరికి అటే వెళ్తారు. కానీ మొదటిరోజే డాకర్ పెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు అది డాకర్‌లో వచ్చిందో మీడియావికీలో వచ్చిందో కొత్తవాళ్ళకి అంతుపట్టదు.

విండోస్ వాడుతున్నవాళ్ళు డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) ద్వారా ఉబుంటు వేసుకోండి. అందులో ఫైళ్ళని లైనక్స్ వైపు ఉండే మీ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టండి. సీ డ్రైవులో పెట్టి ఉబుంటు నుంచి తెరిస్తే ప్రతి పనీ నత్తనడక నడుస్తుంది. మీడియావికీలో చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటాయి కాబట్టి ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఉబుంటులో "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" అని కొట్టి, దాని తర్వాత ఇవి వరసగా ఇవ్వండి: గిట్, గిట్-రివ్యూ, కంపోజర్, పీహెచ్‌పీ-సీఎల్ఐ, పీహెచ్‌పీ-ఎస్‌క్యూలైట్3, పీహెచ్‌పీ-ఎక్స్ఎంఎల్, పీహెచ్‌పీ-ఎంబీస్ట్రింగ్, పీహెచ్‌పీ-ఇంటెల్ (ఐ, ఎన్, టీ, ఎల్ అనే నాలుగక్షరాలు), పీహెచ్‌పీ-కర్ల్. చివర్లో చెప్పినవి పీహెచ్‌పీకి తగిలించే ఎక్స్‌టెన్షన్లు. ఎంబీస్ట్రింగ్, ఇంటెల్ అనే రెండూ తెలుగు లాంటి లిపుల కోసమే ఉన్నాయనుకోండి. తెలుగులో ఒక్క అక్షరం యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో 3 బైట్లు తింటుంది. "స్త్రీ" అని రాస్తే కంటికి ఒక్కటే, లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. బైట్లను లెక్కపెట్టి వాక్యాన్ని కత్తిరించే కోడు తెలుగు అక్షరాన్ని నడిమికి నరికేస్తుంది. అలా నరకకుండా చూసే పనిముట్లు ఇవి.

కోడు దించుకోవడం

మీడియావికీ అసలు కోడు వికీమీడియా వాళ్ళ గెరిట్ (కోడు మార్పుల్ని సమీక్షించే సైటు) సర్వర్‌లో ఉంటుంది. గిట్‌హబ్‌లో కనిపించేది దాని నకలు, అక్కడ పుల్ రిక్వెస్ట్ పెడితే పని జరగదు. "గిట్ క్లోన్" కొట్టి గెరిట్‌లోని మీడియావికీ కోర్ చిరునామా ఇవ్వండి.

ఇక్కడ నెట్ గురించి ఆలోచించుకోవాలి. ఇరవై ఏళ్ళు దాటిన ప్రాజెక్టు ఇది, మార్పుల చరిత్ర మొత్తం దిగాలంటే చాలాసేపు పడుతుంది. క్లోన్ మధ్యలో నెట్ పోతే గిట్ ఆగినచోట నుంచి అందుకోదు, మళ్ళీ మొదటికే వస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్ళు కమాండుకి "డెప్త్ 1" అనే ఆప్షన్ తగిలించండి. తాజా కోడు మాత్రమే దిగుతుంది. మంచి నెట్ దొరికిన రోజున "గిట్ ఫెచ్" కి "అన్‌షాలో" ఆప్షన్ ఇస్తే మిగతా చరిత్ర వచ్చేస్తుంది. ఏ లైను ఎవరు ఎందుకు రాశారో వెతకడానికి అది తర్వాత కావాల్సిందే.

కోర్ దిగాక ఇంకొకటి మర్చిపోకండి. పేజీ రూపాన్ని ఇచ్చే స్కిన్ విడిగా ఉంటుంది. వికీపీడియాలో మనం చూసేది వెక్టర్. దాన్ని కోర్‌లోని "స్కిన్స్" ఫోల్డర్ లోపలికి వెక్టర్ అనే పేరుతోనే క్లోన్ చేయండి. ఇది ఇన్‌స్టాల్ కంటే ముందే చేయాలి. ఇన్‌స్టాలర్ ఆ ఫోల్డర్‌లో ఏముంటే వాటిని తనే సెట్టింగుల్లో చేరుస్తుంది. తర్వాత తెస్తే ఆ లైను మీరే రాసుకోవాలి.

ఇన్‌స్టాల్

మీడియావికీ ఫోల్డర్ లోపలికి వెళ్ళి "కంపోజర్ అప్‌డేట్" కొట్టండి. మీడియావికీ ఆధారపడే పీహెచ్‌పీ లైబ్రరీలన్నీ దిగుతాయి. దీన్ని సుడోతో నడపకండి. ఫైళ్ళు రూట్ పేరిట పడిపోయి, రేపు మీ ఫైలు మీరే మార్చుకోలేని పరిస్థితి వస్తుంది.

ఎక్కువమంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే, అందుకని కాసేపు నిలబడి చూద్దాం. కంపోజర్‌కి కావాల్సింది దొరక్కపోతే తెరనిండా ఇంగ్లీషు కుమ్మరిస్తుంది. నేను మొదటిసారి ఒక సాయంత్రమంతా ఇక్కడే పోగొట్టుకున్నాను. తెర చివరి వరసలు చదివి, వాటినే గూగుల్‌లో వెతుకుతూ, ఎవరో చెప్పిన కమాండ్లన్నీ ఒకదాని మీద ఒకటి కొట్టాను. అసలు కారణం పైన, "ప్రాబ్లమ్ 1" అని ఉన్నచోటే ఒక్క వాక్యంలో ఉంది: ఇంటెల్ ఎక్స్‌టెన్షన్ లేదు. కాబట్టి ఎప్పుడూ పైకి స్క్రోల్ చేసి "ప్రాబ్లమ్ 1" నుంచి చదవండి. అందులో "ఎక్స్‌ట్" అని మొదలయ్యే పేరు ఉంటే అది ఉబుంటులో వేసుకోవాల్సిన పీహెచ్‌పీ ప్యాకేజీ. పీహెచ్‌పీ వెర్షన్ చాలడం లేదని అంటే, ఎంత కావాలో "కంపోజర్ డాట్ జేసన్" ఫైల్లో "రిక్వైర్" కింద "పీహెచ్‌పీ" అన్న లైన్లో రాసి ఉంటుంది. పాత ఉబుంటు మీద ఉంటే కొత్త ఎల్‌టీఎస్‌కి (ఎక్కువకాలం మద్దతుండే వెర్షన్‌కి) మారడమే తక్కువ శ్రమ.

అది దాటాక "కంపోజర్ ఎండబ్ల్యూ-ఇన్‌స్టాల్:ఎస్‌క్యూలైట్" కొట్టండి. డేటాబేస్ తయారవుతుంది, అడ్మిన్ అనే ఖాతా, దాని పాస్‌వర్డూ ఏర్పడతాయి, "లోకల్‌సెట్టింగ్స్ డాట్ పీహెచ్‌పీ" అనే ఫైలు పుడుతుంది. ఆ పాస్‌వర్డు ఏమిటో కంపోజర్ డాట్ జేసన్‌లో ఈ కమాండు ఉన్న లైన్లోనే కనిపిస్తుంది. అందరికీ తెలిసిన పాస్‌వర్డు కాబట్టి ఈ వికీని మీ మెషీన్ దాటి బయటికి తెరవకండి.

ఇక "కంపోజర్ సర్వ్" కొట్టి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 4000 పోర్టు తెరవండి. మీ వికీ కనిపిస్తుంది, ఇంకా ఇంగ్లీషులోనే.

తెలుగులోకి తిప్పడం

లోకల్‌సెట్టింగ్స్ ఫైల్లో "ల్యాంగ్వేజ్ కోడ్" అన్న లైను ఉంటుంది. అందులో "ఈఎన్" తీసేసి "టీఈ" పెట్టి, పేజీని మళ్ళీ తెరవండి. మెనూలన్నీ తెలుగులోకి వస్తాయి. వాడుకరి, చర్చ, వర్గం, మూస, దస్త్రం అన్న పేరుబరులు (నేమ్‌స్పేస్‌లు) లింకుల్లోకి కూడా వచ్చేస్తాయి. మొదటి పేజీ ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి. ఇన్‌స్టాలర్ రాసిన మొదటి పేజీకి ఇంగ్లీషు పేరుంది, ఇప్పుడు వికీ వెతుకుతున్నది తెలుగు పేరుని. సృష్టించు అన్న లింకు నొక్కి మీరే నాలుగు వాక్యాలు రాసుకోండి.

ఈ సెట్టింగుల ఫైల్ని గిట్ పట్టించుకోదు. మీరు ఎంత మార్చినా, పంపే కోడు మార్పులోకి, అంటే ప్యాచ్‌లోకి పోదు, ధైర్యంగా ప్రయోగాలు చేయండి.

ఇప్పుడు ఒక పరీక్ష పేజీ పెట్టండి. శీర్షికల్లో రాష్ట్రం, శాస్త్రం, ఉత్ప్రేక్ష లాంటి మాటలు రాయండి. రెండేసి వత్తులు కిందికి దిగే అక్షరాలివి. లైను ఎత్తుని ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా కొలిచి పెట్టినచోట కింది వత్తు తెగిపోతుంది. మెనూల్లో, బటన్ల మీద, వెతుకు పెట్టె కింద జారే సూచనల్లో కూడా చూడండి. తెగినట్టు కనిపిస్తే నోటో సాన్స్ తెలుగుతో ఒకసారి, మండలి లాంటి ఇంకో ఫాంట్‌తో ఒకసారి సరిచూడండి. ఒక్క ఫాంట్‌లోనే తెగితే గొడవ ఫాంట్‌ది కావచ్చు.

అతుకుల సందేశాలను పట్టుకోవడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది, తెలుగువాళ్ళు మాత్రమే బాగా చేయగలిగిందీ ఇదే.

ఏ పేజీ అయినా తెరిచి, చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి, "యూజ్‌ల్యాంగ్" సమానం గుర్తు "క్యూక్యూఎక్స్" అని చేర్చండి. తెర మీద మాటలన్నీ మాయమై, వాటి స్థానంలో బ్రాకెట్లలో సందేశాల (తెర మీది మాటలకి కోడులో ఉండే మూలాల) పేర్లు కనిపిస్తాయి. ఏ మాట ఏ సందేశం నుంచి వస్తోందో దీంతో తెలిసిపోతుంది. సందేశంలోకి విలువలు పంపిస్తుంటే, బ్రాకెట్ లోపలే పేరు తర్వాత కోలన్ పెట్టి ఆ విలువలు చూపిస్తుంది.

ఇప్పుడు మీడియావికీకి తగిలించే ఒక ఎక్స్‌టెన్షన్ రాసిన డెవలపరు ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కలుగా కూర్చాడనుకోండి. "పేజీని సంరక్షించినది" అనే అర్థమొచ్చే ఒక సందేశం, పక్కన వాడుకరి పేరు, తర్వాత "దాకా" అనే ఇంకో సందేశం, చివర తేదీ. ఇంగ్లీషులో ఇది వాక్యంలాగే చదవబడుతుంది. తెలుగులో క్రియ చివరికి రావాలి, "దాకా" అన్నది తేదీ తర్వాత రావాలి. అనువాదకుడు ఎంత మంచివాడైనా ముక్కల వరస మార్చలేడు. ఫలితంగా తెర మీద "పేజీని సంరక్షించినది రమ దాకా 15 మార్చి" అని పడుతుంది. చదివినవాళ్ళు తెలుగు అనువాదం బాగాలేదని అనువాదకుణ్ణి తిడతారు. తప్పు కోడుది.

క్యూక్యూఎక్స్‌లో ఇలాంటిది చూడగానే దొరుకుతుంది. ఒకే వాక్యంలో రెండు బ్రాకెట్లు, వాటి మధ్య బయట తేలుతున్న పేరు, తేదీ. బాగా రాసిన సందేశమైతే ఒకటే బ్రాకెట్ ఉండి, పేరూ తేదీ దాని లోపలే ఉంటాయి. మీడియావికీ వాళ్ళ సొంత మార్గదర్శకాలు కూడా ముక్కల్ని ఇలా అతికించవద్దనే చెప్తాయి. కాబట్టి మీరు ఎత్తిచూపితే కాదనేవాళ్ళుండరు.

దిద్దడం కష్టం కాదు. రెండు సందేశాల బదులు ఒకే సందేశం పెట్టి, అందులో పేరుకి $1, తేదీకి $2 అని ఖాళీలు వదలాలి. అప్పుడు తెలుగు అనువాదకుడు "$2 దాకా $1 ఈ పేజీని సంరక్షించారు" అని హాయిగా రాస్తాడు. "సంరక్షించారు" అన్న గౌరవ రూపం ఉండటం వల్ల ఆడా మగా తేడా చూపే అవసరం కూడా మనకి రాదు.

ఇంగ్లీషు సందేశం "ఈఎన్ డాట్ జేసన్"లో, దాని వివరణ "క్యూక్యూక్యూ డాట్ జేసన్"లో చేరుస్తారు. $1 అంటే ఏమిటి, ఈ మాట తెర మీద ఎక్కడ వస్తుంది అన్నది ఆ వివరణలో రాయాలి. ప్రపంచంలోని అనువాదకులందరూ చదివేది దాన్నే కాబట్టి బద్ధకించకండి. పాత సందేశం పేరునే ఉంచి ఖాళీలు మార్చేస్తే, ఇతర భాషల్లో ఇప్పటికే ఉన్న అనువాదాలు తప్పుగా పనిచేస్తాయి. అర్థం మారినప్పుడు కొత్త పేరు పెట్టండి.

ఒక హెచ్చరిక: "టీఈ డాట్ జేసన్" ఫైల్ని చేత్తో మార్చి పంపకండి. తెలుగు అనువాదాలు ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైటులో చేస్తే అక్కడి నుంచి కోడులోకి వస్తాయి. ఉత్సాహంగా వంద తెలుగు మాటలు సరిదిద్ది ప్యాచ్ పంపితే వెనక్కి పంపేస్తారు, ఆ శ్రమ వృథా అవుతుంది.

పంపే ముందు

మీరు చూసిన తప్పుని ఫ్యాబ్రికేటర్‌లో, అంటే వికీమీడియా వాళ్ళు తప్పులూ పనులూ నమోదు చేసే సైటులో, వెతకండి. ఎవరైనా ముందే రాసి ఉండొచ్చు. లేకపోతే టాస్క్ మీరే తెరిచి, తెలుగు తెర బొమ్మ పెట్టి, ఏం కనిపిస్తోంది, ఏం కనిపించాలి అన్నది ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయండి. తెలుగు రానివాళ్ళకి క్రియ చివర వస్తుందని చెప్పాల్సి ఉంటుంది, విసుక్కోకుండా చెప్పండి. సొంతంగా తప్పు దొరకకపోతే "గుడ్ ఫస్ట్ టాస్క్" అన్న ట్యాగ్ కింద కొత్తవాళ్ళ కోసం పక్కన పెట్టిన పనులుంటాయి.

వికీపీడియా ఖాతా వేరు, వికీమీడియా డెవలపర్ ఖాతా వేరు. గెరిట్‌కి రెండోది కావాలి, కొత్తగా తెరవండి. మీరు కమిట్‌లో పెట్టే పేరు, ఈమెయిల్ ఎప్పటికీ బయటికి కనిపిస్తాయి. ఇష్టం లేకపోతే ఇందుకోసం విడిగా ఒక మెయిల్ పెట్టుకోండి. తర్వాత "ఎస్ఎస్‌హెచ్-కీజెన్"తో తాళాల జత చేసుకుని, పేరు చివర "డాట్ పబ్" ఉన్న ఫైల్లోని వరసని గెరిట్ సెట్టింగుల్లో అతికించండి. రెండో ఫైలు మీ దగ్గరే ఉండాలి, ఎవరికీ ఇవ్వకూడదు.

ఇప్పుడు "గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్ ఆరిజిన్"తో చిరునామాని ఎస్ఎస్‌హెచ్ రూపానికి మార్చండి. గెరిట్ ఎస్ఎస్‌హెచ్ పోర్టు 29418. కాలేజీ, ఆఫీసు నెట్‌వర్కుల్లో ఈ పోర్టు మూసి ఉంటుంది చాలాసార్లు. కనెక్షన్ కదలకుండా నిలిచిపోతే తాళంచెవిని అనుమానించే ముందు ఫోన్ హాట్‌స్పాట్ మీద ప్రయత్నించండి. ఆ తర్వాత "గిట్ రివ్యూ" కి "ఎస్" ఆప్షన్ ఇచ్చి కొట్టండి. ప్రతి కమిట్‌కి ఛేంజ్-ఐడీ అనే గుర్తు వేసే హుక్‌ని అది అమరుస్తుంది.

ఎక్స్‌టెన్షన్‌లో మార్పయితే ఆ ఎక్స్‌టెన్షన్ రిపోజిటరీలోనే ఈ పని చేయాలి, కోర్‌లో కాదు. ఊరికే చెయ్యి తిరగడానికి గెరిట్‌లో శాండ్‌బాక్స్ అనే రిపోజిటరీ ఉంది. అందులో ఒక చిన్న మార్పు పంపి చూసుకుంటే భయం పోతుంది.

కమిట్, రివ్యూ

మాస్టర్ మీద కాకుండా కొత్త బ్రాంచ్‌లో పని చేయండి. కమిట్ సందేశంలో మొదటి లైను క్లుప్తంగా, తర్వాత ఒక ఖాళీ లైను, తర్వాత ఎందుకు మార్చారో రెండు మూడు వాక్యాలు. చివర "బగ్" అని పెట్టి ఫ్యాబ్రికేటర్ టాస్క్ సంఖ్య, దాని కిందే ఛేంజ్-ఐడీ. ఈ రెండు లైన్ల మధ్య ఖాళీ లైను ఉండకూడదు. చూడటానికి చిన్న విషయమే, మొదటి ప్యాచ్‌ల మీద నేను ఎక్కువగా చూసిన వ్యాఖ్య మాత్రం ఇదే.

"కంపోజర్ టెస్ట్" నడపండి. స్పేసులు, ట్యాబులు వాళ్ళ పద్ధతిలో లేకపోతే పట్టిస్తుంది. సందేశాల ఫైళ్ళు ముట్టుకున్నవాళ్ళు నోడ్ వేసుకుని "ఎన్‌పీఎం టెస్ట్" కూడా నడపాలి. అందులో బనానా అనే తనిఖీ ఉంది. ఈఎన్‌లో పెట్టి క్యూక్యూక్యూలో వివరణ రాయడం మరిచిపోతే అది ఆపేస్తుంది. అన్నీ పచ్చగా వస్తే "గిట్ రివ్యూ" కొట్టండి, ప్యాచ్ వెళ్ళిపోతుంది.

గిట్‌హబ్ అలవాటున్నవాళ్ళు ఇక్కడొక పొరపాటు చేస్తారు. రివ్యూలో ఎవరైనా మార్పు అడిగితే కొత్త కమిట్ చేర్చకూడదు. పాత కమిట్‌నే "అమెండ్" చేసి, ఛేంజ్-ఐడీని కదపకుండా, మళ్ళీ గిట్ రివ్యూ కొట్టాలి. అప్పుడు అదే మార్పుకి రెండో ప్యాచ్‌సెట్‌గా చేరుతుంది. కొత్త కమిట్ పెడితే అది వేరే మార్పుగా విడిగా నిలబడుతుంది.

మైనస్ 1 వచ్చిందని బాధపడకండి. "ఇంకొంచెం సరిచేయండి" అని దాని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. కొన్నిసార్లు వారాల తరబడి ఎవరూ చూడరు. అప్పుడు ఆ ఫైల్ని ఈమధ్య మార్చినవాళ్ళెవరో గిట్ లాగ్‌లో చూసి, వాళ్ళని రివ్యూయర్లుగా చేర్చండి.

ఎదురుచూసే రోజుల్లో మీ సెటప్ పాతబడుతుంది. కోర్‌లో గిట్ పుల్ చేసిన ప్రతిసారీ వెక్టర్‌లో కూడా పుల్ చేయండి, తర్వాత కంపోజర్ అప్‌డేట్, ఆపైన "పీహెచ్‌పీ మెయింటెనెన్స్ రన్ అప్‌డేట్" నడపండి. కోర్ కొత్తది, స్కిన్ పాతది అయితే పేజీ తెరుచుకోకుండా ఎర్రర్ వస్తుంది, కారణం తెలియక గంటలు పోతాయి.

ఆమోదంగా ప్లస్ 2 పడి మార్పు కలిశాక, మీడియావికీ కొత్త వెర్షన్ వికీలకి వారానికోసారి దశలవారీగా చేరుతుంది. వికీపీడియాల్లో ఎక్కువవాటికి మామూలుగా గురువారం వస్తుంది, తెలుగు కూడా అందులోనే ఉంది. అప్పటికి మీ కొత్త సందేశానికి తెలుగు ఉండదు, ఇంగ్లీషులోనే కనిపిస్తుంది. అందుకని కలిసిన వారంలోనే ట్రాన్స్‌లేట్‌వికీలో ఖాతా తెరిచి, ఆ ఒక్క వాక్యం మీరే తెలుగులో రాయండి. $2 ముందు, $1 తర్వాత, క్రియ చివర.